ఎల్లాజీ బండి టకటక

ఎల్లాజీ గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది. తర్వాత నవ్వొస్తుంది. ఆ తర్వాత వచ్చేదేమిటో నాకే సరిగ్గా తెలియదు కాబట్టి కోపం దగ్గరే మొదలుపెడతాను.

ఇవాళ ఉక్కునగరం క్వార్టర్లలో ఉంటూ, తెల్లారగట్ల హెల్మెట్ పెట్టుకుని షిఫ్టుకు వెళ్ళే ఎల్లాజీని చూసినవాళ్ళకు ఈ సంగతేమీ తెలియదు. ఇది అతని చేతిలో ఉద్యోగం లేని రోజుల నాటిది. అప్పుడతనికి ఉన్నదల్లా ఒక భార్య, ఒక కార్డు, ఒక బుల్లెట్ మోటారు సైకిలు. కార్డంటే, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన వాళ్ళకు ఉద్యోగం కోసం ఇచ్చినది. దాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి బనీను లోపల పెట్టుకుని తిరిగేవాడు. పిలుపు ఎప్పుడొస్తుందని అడిగితే అటూ ఇటూ చూసి, "వత్తాదంట" అనేవాడు. ఎవరన్నారో చెప్పేవాడు కాదు. అతనికీ తెలియదనుకుంటాను.

నాది తణుకు దగ్గర పల్లెటూరు. అవుటర్ హార్బరు కడుతున్న రోజుల్లో కాంట్రాక్టరు బళ్ళు బాగుచేసే పనిమీద విశాఖపట్నం వచ్చాను. ఆ పని అయిపోయినా వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. గాజువాక రోడ్డు పక్కన నాలుగు రేకులు వేసి 'వీర్రాజు మోటార్ వర్క్స్' అని బోర్డు రాయించాను. బుల్లెట్లకు టాపెట్లు సెట్ చేయడంలో నాకు కొంచెం పేరుండేది. నోటి దురుసులో అంతకంటే పెద్ద పేరుండేది.

టాపెట్లంటే తెలియని వాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. ఇంజను లోపలికి గాలీ పెట్రోలూ రానిచ్చే తలుపొకటి, పొగ బయటికి పంపే తలుపొకటి ఉంటాయి. వాల్వులంటే అవే. వాటిని కింది నుంచి సన్నటి కడ్డీలు ఎత్తుతాయి. ఆ కడ్డీల అడుగున ఉండే ఇనుప బొడిపెలే టాపెట్లు. వాటి మధ్య సందు ఎక్కువైతే టకటకమంటాయి. మరీ తక్కువైతే తలుపు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కుడిపక్క మూత విప్పి, కడ్డీని రెండు వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. అదీ పని. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

ఒక ఎండాకాలం పొద్దున ఎల్లాజీ వచ్చాడు. పంచె మోకాళ్ళ పైకి మడిచి, నెత్తికి తువ్వాలు చుట్టి, బుల్లెట్‌కు రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని వచ్చాడు. హెడ్‌లైటుకు పసుపూ కుంకుమా, హ్యాండిలుకు నిమ్మకాయా మిరపకాయలూ. దిగి, పెట్రోలు ట్యాంకును ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు.

"బావా, దీని కడుపులో ఏటో టకటకమంతన్నాది. ఓపాలి సూడు" అన్నాడు.

"నీకు నేను బావనెప్పుడయ్యానయ్యా?" అన్నాను. తెల్లారి టీ కూడా పడలేదు నాకు.

"ఇప్పుడే" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా.

స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. అనుమానం లేదు, టాపెట్లే. పాలక్యాన్ల బరువుతో గతుకుల రోడ్ల మీద చిన్న గేర్లో మూలిగించుకుంటూ తిప్పుతున్నాడు. మొదటి సర్వీసు కూడా చేయించలేదట. ఇంజను చల్లారేదాకా కూర్చోబెట్టి, మూత విప్పి సెట్ చేశాను. స్టార్ట్ చేస్తే గుండె కొట్టుకున్నట్టు డుగుడుగుమని తప్ప వేరే చప్పుడు లేదు. ఎల్లాజీ ముఖం వెలిగిపోయింది.

"ఆయిల్ చూసుకుంటూ ఉండు. తగ్గితే పోయించుకో" అన్నాను.

"నూనె సంగతి నాకొగ్గీ బావా. అది నాను సూసుకుంతాను" అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికి మామూలుగానే వినిపించింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. టకటక తిరిగొచ్చింది. నాకు తిక్క రేగింది. నేను సెట్ చేసిన టాపెట్లు వారానికే వదులవుతాయా? మూత విప్పి చూస్తే నేను బిగించిన నట్లు బిగించినట్టే ఉన్నాయి. కడ్డీ మాత్రం కొంచెం ఆడుతోంది. మళ్ళీ సెట్ చేసి పంపించాను. రెండ్రోజులకు నా షెడ్డు ముందు నుంచే వెళ్ళాడు. బండి ఎంత మెత్తగా వెళ్ళిందంటే, నేనే తలెత్తి చూశాను. అంత నిశ్శబ్దంగా బుల్లెట్ ఉండదు. ఉండకూడదు కూడా. పోనీలే, నా చెయ్యి మంచిదైంది అనుకుని సంతోషించాను. మరో నాలుగు రోజులకు వచ్చాడు. ఈసారి సుత్తిపెట్టి కొడుతున్నట్టుంది చప్పుడు!

అక్కడి నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది. బండి కొన్ని రోజులు పిల్లిలా ఉంటుంది, ఉన్నట్టుండి కంసాలి కొట్టులా మోగుతుంది. ఆయిల్ చూద్దునా, నిండుగా ఉంటుంది. బుల్లెట్ అన్నాక ఎంతో కొంత ఆయిల్ తాగుతుంది, కింద నాలుగు చుక్కలు కారుస్తుంది. ఇతని బండికి ఆయిల్ తగ్గదు. పొగలో ఏదో తెలిసిన వాసన, ఎక్కడిదో అంతుపట్టదు. నా స్పానర్ల మీద, నా వేళ్ళ మీద, చివరికి నా చెవుల మీద నాకే అనుమానం వచ్చింది. పక్కన టీ కొట్టులో కూర్చున్న వాళ్ళు, "వీర్రాజుగారూ, మీ చుట్టం వచ్చాడు" అని ఎల్లాజీ రాగానే నవ్వడం మొదలుపెట్టారు. పరువు పోతుంటే ఒళ్ళు మండదా?

"నిజం చెప్పు, ఎవడు చెయ్యి పెట్టాడు దీంట్లో? నేను చేసింది ఇంకొకడి దగ్గర విప్పిస్తున్నావు కదూ?" అని గట్టిగా అరిచాను.

అతను బిత్తరపోయాడు. "నీ తోడు బావా. ఇంకెవుడూ ముట్టుకోనేదు. నానే కడుగుతాను, నానే తుడుత్తాను, నానే నూనె పోత్తాను. ఆకరికి మా సిలకమ్మని కూడా ముట్టుకోనివ్వను" అన్నాడు.

చిలకమ్మ అతని భార్య. ఆ రోజు వెనక సీటు మీద ఆవిడ కూడా వచ్చింది. నిండు నెలలు దగ్గరపడుతున్న మనిషి, జాగ్రత్తగా దిగి నీడలో నిలబడింది. నేను చిరాకులో ఉన్నాను కదా, నోటికొచ్చింది అనేశాను. "చూడు ఎల్లాజీ, ఈ బండి ఇలాగే ఉంటే ఇంజను బిగుసుకుపోయి పట్టేస్తుంది. పాత ఇనుము కింద కూడా ఎవడూ కొనడు. ఇప్పుడే ఎవడికైనా అంటగట్టి, ఇంకోటి చూసుకో."

చిలకమ్మ ముందుకొచ్చింది. "అమ్మడానికిది బండి కాదండి. మా పొలం" అంది.

నాకు అర్థం కాలేదని గ్రహించి ఆవిడే చెప్పింది. ఊరు లేపేసినప్పుడు పొలానికి డబ్బులొచ్చాయి. కొందరు స్లాబు ఇళ్ళు వేశారు, కొందరు బంగారం చేయించారు, కొందరు పేకాటలో పోగొట్టారు. ఎల్లాజీ ఎవరి మాటా వినకుండా వెళ్ళి కొత్త బుల్లెట్ కొనుక్కొచ్చాడు. ఎద్దులు అమ్ముడైపోయి చేతులు ఊరికే పడి ఉంటే మనిషికి పిచ్చెక్కినట్టయిందట. దాని మీద పరవాడ వైపు ఊళ్ళలో పాలు పట్టుకొచ్చి, గాజువాక టీ కొట్లకూ కాంట్రాక్టరు క్యాంపులకూ పోస్తున్నాడు. ఇంట్లో అన్నం ఆ పాల మీదే ఉడుకుతోంది.

"ఇది ఆగిపోనాదంతే మా పొలం రెండోపాలి పోయినట్టే" అంది చిలకమ్మ. ఎల్లాజీ తల వంచుకుని ట్యాంకు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. మూత విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.

ఎండగా ఉందని వాళ్ళిద్దరినీ షెడ్డు వెనకే ఉన్న మా ఇంట్లో కూర్చోమన్నాను. మా ఆవిడ పద్మావతి మజ్జిగ ఇచ్చింది. కాసేపటికి బయటికొచ్చి నా చెవిలో, "ఏవండీ, ఆ అబ్బాయి దగ్గర ఆముదం వాసనేస్తోంది. వాళ్ళింట్లో బాలింతలెవరూ లేరట కదా?" అంది.

"నేనిక్కడ చస్తుంటే నీకు బాలింతలు కావలసొచ్చారా!" అని కసిరాను. ఆవిడ మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళ మాట ఒక్క క్షణం ఆగి వింటే ఆ రోజే తేలిపోయేది. ఎందుకు వినలేదంటే ఏం చెప్పను, నా బుర్ర మొత్తం టాపెట్ల సందులో ఇరుక్కుని ఉంది.

బండి ఏ దారిన తిరుగుతోందో చూద్దామని మర్నాడు వెనక ఎక్కి కూర్చున్నాను. పాలు పోయడం అయిపోయాక ఎల్లాజీ ఇంటి వైపు కాకుండా, ఫ్యాక్టరీ కోసం చదును చేస్తున్న స్థలం వైపు తిప్పాడు. రోడ్డు దాటగానే ఎర్రమట్టి, గుంటలు, బుల్డోజర్లు తీసిన చాళ్ళు. ఫస్ట్ గేర్లో బండి మూలుగుతూ పోతోంది. ఎంతసేపు పోయినా ఒక చెట్టు లేదు, ఒక గోడ లేదు. కొయ్యలూ వాటికి కట్టిన ఎర్రగుడ్డలూ తప్ప గుర్తుపట్టడానికి ఏమీ లేదు.

"ఎక్కడికయ్యా?" అని అరిచాను.

"ఇక్కడే" అన్నాడు. బండి ఆపి దిగాడు. నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. "మా నుయ్యి ఇటేపు ఉండీది" అని చెయ్యి చూపించాడు. మళ్ళీ వెనక్కి తిరిగి, "కాదు, అటేపు" అన్నాడు. కొండ వైపు చూసి లెక్క కట్టాడు. "కొండ అక్కడే ఉన్నాది గదా. కొండకి ఎదురుగా మా కల్లం. కల్లం పక్కన గట్టు. గట్టు మీద వరసగా ఆముదం సెట్లు. మరెక్కడికి పోనాది బావా? నిన్న అక్కడనుకున్నాను, మొన్న ఇక్కడనుకున్నాను."

రోజూ వస్తాడట. పాలు పోసేసి, ఖాళీ క్యాన్లు మోగించుకుంటూ, ఆ గుంటల్లో బండి తిప్పుతూ తన గట్టు ఎక్కడుందో వెతుక్కుంటాడట. పుట్టి పెరిగిన చోటే మనిషి దారి తప్పిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. అతనితో పాటు నేనూ నాలుగు దిక్కులూ చూశాను. నాకేం కనిపిస్తుంది? ఎండలో ఇంజను కాగిపోయి టకటకటకమని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వినలేక స్విచ్చి కట్టేశాను.

సరే, జబ్బు దొరికిందనుకున్నాను. గుంటల్లో చిన్న గేర్లో తిప్పితే ఇంజను కాగక ఏమవుతుంది? "ఆ పక్కకి వెళ్ళకు" అని గట్టిగా చెప్పి పంపించాను. గంగిరెద్దులా తలూపాడు. వెళ్ళడం మానేశాడు కూడా. అయినా చప్పుడు మానలేదు! ఇంకా ఎక్కువైంది. మళ్ళీ నా తల తిరిగిపోయింది.

తర్వాత కొన్నాళ్ళు ఎల్లాజీ కనిపించలేదు. ఒక రోజు షెడ్డు ముందు ఎడ్లబండి ఆగింది. దాని మీద, గడ్డి పరిచి, తాళ్ళతో కట్టి, పెళ్ళికూతురిలా పడుకోబెట్టిన బుల్లెట్! టీ కొట్టు మొత్తం లేచి వచ్చింది. ఎడ్లబండి తోలుకొచ్చినవాడు ఎల్లాజీయే. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నాడు. చిలకమ్మ బండి వెనక కూర్చుని, బుల్లెట్ జారిపోకుండా చక్రం పట్టుకుని ఉంది. ఆ కడుపుతో, ఆ కుదుపుల్లో.

"పట్టీసినాది బావా" అన్నాడు. "పెద్ద సప్పుడు సేసి ఆగిపోనాది. కిక్కు కొడితే కదల్టం నేదు."

దింపి, ట్యాంకు తీసి, పైన వాల్వుల మీది మూత విప్పాను. లోపల నల్లటి ఆయిలు ఉండాలి. ఏముందో తెలుసా? పనసకాయ కోసినప్పుడు కారే జిగురు ముదిరిపోయినట్టు, గోధుమరంగు బంక. వేలుపెడితే సాగుతోంది. కింది నుంచి పైకి ఆయిల్ తీసుకెళ్ళే సన్నటి గొట్టం ఆ బంకతో బిగుసుకుపోయింది. పైన చుక్క ఆయిల్ అందక అన్నీ ఎండిపోయి ఒరుసుకుపోయాయి. అడుగున టాపెట్లు గుంటలు పడ్డాయి. నేను బయటినుంచి సెట్ చేస్తున్నాను, లోపలేమో అరిగిపోతూనే ఉంది.

ఆ బంక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. చిన్నప్పుడు మా అమ్మ ఆదివారం నాడు నన్ను కాళ్ళ మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి తాగించినది, ఆ తర్వాత రోజంతా నన్ను దొడ్డి వైపు పరుగెత్తించినది, అదే!

"ఆముదం!" అని కేకపెట్టాను. "ఓరి నీ అమ్మ కడుపు మాడ! ఇంజన్లో ఆముదం పోశావా?"

ఎల్లాజీ నా వంక అయోమయంగా చూశాడు. "ఔను, ఆముదవే. మరేటి పోత్తారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగినావా? ఇంకొకడు సెయ్యెట్టినాడా అని అడిగినావు. ఎవుడూ పెట్టనేదన్నాను. నూనె నానే పోత్తన్నానని కూడా సెప్పినాను గదా" అన్నాడు. అతని ముఖంలో తప్పు చేసినవాడి బెదురు లేదు. నేనెందుకు ఎగురుతున్నానో తెలియక, నిజంగానే తెలియక, చూస్తున్నాడు. "బండి ఇరుసు కిర్రుమంతే మా అయ్య ఆముదవే పోసీవోడు. పోసినెంటనే సప్పుడాగీది. దీనికీ పోసినాను. ఆగినాది. మళ్ళీ మొదలైతే మళ్ళీ పోసినాను. నీకూ తెలుసు గదా, కొన్నాళ్ళు ఎంత మెత్తగా ఎల్లీదో!"

తెలుసు. ఆ చిక్కటి నూనె టాపెట్ల సందుల్లో దూరి కొన్నాళ్ళు చప్పుడు నొక్కేసేది. ఆ తర్వాత వేడికి బంకగా మారి గొట్టాన్ని పూడ్చేసేది. మామూలు ఆయిల్‌తో అది కలవను కూడా కలవదు. ఆ మెత్తదనం నా చేతి చలవ అనుకుని నేను మురిసిపోయాను. అది గుర్తొచ్చి ఇంకా మండింది నాకు. "బుల్లెట్టూ ఎడ్లబండీ ఒకటేనటయ్యా? ఎంత పోశావు? ఏ కొట్టువాడు అమ్మాడు నీకు? ముందు వాణ్ణి తన్నాలి" అని విరుచుకుపడ్డాను.

"కొనడమేటి బావా? మా గట్టు మీదిది" అన్నాడు ఎల్లాజీ.

చిలకమ్మ అక్కడున్న కిరసనాయిలు డబ్బా మీద మెల్లగా కూర్చుంది. "కుండలో నూనె తగ్గిపోతన్నాదంతే, ఎలకలు తాగుతన్నాయన్నావు" అంది మొగుడితో.

అప్పుడు గానీ నాకు సంగతంతా తెలియలేదు. ఊరు ఖాళీ చేసిన నాడు అందరూ తలుపులూ వాసాలూ ఊడదీసుకుంటుంటే చిలకమ్మ పొలం గట్టుకు వెళ్ళి ఆముదపు గెలలు కోసుకుందట. కొత్త కాలనీలో సిమెంటు గచ్చు మీద ఎండబెట్టి, గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి నూనె తీసింది. ఒక కుండ అయింది. దాని మూతికి గుడ్డ కట్టి మూలన దాచింది, పుట్టబోయే బిడ్డ కోసం.

"పుట్టేదానికి ఆ ఊరు నేదు, ఆ పొలం నేదు. ఆ నూనైనా తలకి రాద్దావనుకున్నాను" అంది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది.

ఎల్లాజీ నేల మీద చతికిలబడ్డాడు. "పొలవెట్టి కొన్న బండి గదే" అన్నాడు. "పొలం నూనె పోత్తే ఇది అరగదనుకున్నాను. ఇదీ పోతే మనకింకేటున్నాది, సెప్పు? నాకేటీ తెలట్లేదే సిలకా. ఏది ఎక్కడున్నాదో, దేనికేటి పొయ్యాలో, నాకేటీ తెలట్లేదు." చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అంత మనిషి, నడిరోడ్డు పక్కన, టీ కొట్టు వాళ్ళందరూ చూస్తుండగా.

నా కోపం ఎటు పోవాలో తెలియక చేతిలో ఉన్న స్పానరును రేకు గోడకేసి విసిరాను. "ఏం చూస్తున్నారు, గంగిరెద్దుల వాడొచ్చాడా? పొండి!" అని టీ కొట్టు జనాన్ని తరిమాను. తర్వాత ఇంజను మొత్తం విప్పాను. పూర్ణా మార్కెట్ వెనక పాత సామాన్ల కొట్లన్నీ గాలించి టాపెట్లు, వాటిని పైకి తన్నే కామ్ పళ్ళచక్రాలు తెచ్చాను. ప్రతి ముక్కా కిరసనాయిల్లో నానబెట్టి కడిగాను. సన్నటి గొట్టంలో తీగ పెట్టి ఆ బంకంతా లాగాను. పని అయినన్నాళ్ళూ ఎల్లాజీ పక్కనే కూర్చుని, నేను ఏది అడిగితే అది అందించాడు.

బంక ఒక పాత ఎనామిలు పళ్ళెం నిండా వచ్చింది. ఆఖరి రోజు చిలకమ్మ కూడా వచ్చింది. నేను ఆ పళ్ళెం షెడ్డు వెనక్కి పారబోయడానికి తీసుకెళ్తుంటే, "పారబొయ్యకండి, నాకియ్యండి" అంది.

"తల్లీ, ఇది ఇంజన్లో ఉడికిపోయిన మడ్డి. పిల్ల తలకు రాసేవు గనక, పొక్కిపోతుంది" అన్నాను.

"అంత ఎర్రిదాన్నా అన్నయ్యా? తలకి రాయను" అంది. కొబ్బరిచిప్పలోకి ఎత్తి, పైన ఆకు కప్పి, కొంగు చాటున పెట్టుకుంది. దిగులుతో మనిషికి మతి చలించిందేమో అనుకున్నాను. ఎల్లాజీ కూడా నా లాగే ఏమీ తెలియనట్టు చూస్తున్నాడు.

కొత్త ఆయిల్ పోసి కిక్కు కొట్టాను. డుగుడుగుమంది. ఎల్లాజీ వంగి ట్యాంకుకు చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. "సప్పుడు నేదు బావా" అన్నాడు, నమ్మలేనట్టు. "ఇంకోసారి ఆముదం పోశావంటే నీ నెత్తిన పోస్తాను" అన్నాను. తడి కళ్ళతోనే నవ్వాడు.

వానలు పడ్డాక ఒక పొద్దున బుల్లెట్ వచ్చి ఆగింది. "బావా, ఆడపిల్ల పుట్టినాది. నువ్వూ అప్పా రావాల" అన్నాడు. అప్పంటే వాళ్ళ భాషలో అక్క, అంటే మా ఆవిడ. పద్మావతి, నేను వాళ్ళ కాలనీకి వెళ్ళాం. ఒకే గది. మూలన మూతికి గుడ్డ లేని ఖాళీ కుండ. వాసానికి పాత చీరతో ఉయ్యాల. పద్మావతి పిల్లను ఎత్తుకుని ఒళ్ళో వేసుకుంది. పిల్ల కాళ్ళు ఝాడించి తన్నుతోంది. అప్పుడు చూశాను, ఎర్రటి అరికాలి మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి చుక్క.

"దిష్టి చుక్క బుగ్గన పెట్టలేదేం? అరికాలికే ఇంత పెద్దది పెట్టావు" అని అడిగింది పద్మావతి.

"అది ఆ నూనెదే వదినా" అంది చిలకమ్మ. "మీ షెడ్డు కాడ ఎత్తుకొచ్చిన జిడ్డు ఒత్తేసి ఎలిగించినాను. పైన పళ్ళెం బోర్లించి మసి పట్టినాను. ఈ పిల్ల అయ్య నడిసినాడు ఆ గట్టు మీద, వాళ్ళయ్య నడిసినాడు. ఇది నడవదు గదా. అందుకే కాలికెట్టినాను."

ఎల్లాజీ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆ మాట అతనూ అప్పుడే విన్నాడని ముఖం చూస్తే తెలిసింది. దగ్గరికొచ్చి, పిల్ల పాదాన్ని వేలితో ముట్టుకోబోయి, మసి చెదిరిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు, బయటికొచ్చి బండి చూస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

తిరిగి బస్సులో వస్తుంటే పద్మావతి కుడిచెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది. పిల్ల తన్నినప్పుడు అంటిన నల్లటి మరక అరచేతిలో ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆవిడ ఆ చెయ్యి కడుక్కోలేదు, ఎడంచేత్తోనే దీపం పెట్టింది.